చుక్కల మధ్య ఒక వాక్యం

"సంతకం పెట్టేస్త మేడం. ఇగ నాతోని కాదు."

సారలమ్మ ఆ మాట అనేసరికి కాగితం ఆమె ముందే ఉంది, పక్కన పెన్ను కూడా ఉంది. ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితం అది. కంప్యూటర్ హెచ్చరించినా పట్టించుకోకుండా రోగికి ఇన్సులిన్ ఇచ్చానని, అతని చావుకు తన అజాగ్రత్తే కారణమని ఆమె ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. సాయంత్రంలోగా సంతకం చేసి పంపితే ఉద్యోగం పోవడంతో సరిపోతుందట. లేకపోతే జైలే.

డిటెక్టివ్ పద్మశ్రీ ఆ కాగితం తీసి, మడిచి, తన బ్యాగులో పెట్టుకుంది.

"సాయంత్రం దాకా టైమున్నది గద అక్కా. అప్పటిదాంక ఇది నా దగ్గర ఉండనీ."

మాణికేశ్వర్ నగర్‌లో సారలమ్మది రెండు గదుల ఇల్లు. పక్కింటి వాళ్ళకు వినబడకూడదని ఆమె తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. తార్నాకలోని నిర్మల్‌ధార ఆసుపత్రి ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌గా ఉన్నప్పటి నుంచీ ఆమె అక్కడ నర్సు. ఈ ఏడాదే అక్కడ కేస్ షీట్లు పోయి అన్నీ కంప్యూటర్ లోకి ఎక్కాయి. కిందటి నెలలో పేరయ్య అనే రిటైర్డ్ హెడ్మాస్టర్ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని, రేపో మాపో ఇంటికి వెళ్ళాల్సినవాడు, మూడో అంతస్తులో చనిపోయాడు. షుగరు జబ్బు లేని ఆ మనిషి ఒంట్లోకి ముప్పై యూనిట్ల ఇన్సులిన్ వెళ్ళింది. సూది వేసింది సారలమ్మ. ఆ సంగతి ఆమె దాచలేదు. పోలీసులు కేసు పెట్టారు. ఇప్పుడు బెయిల్ మీద ఉంది. నర్సుల సంఘం వాళ్ళు పద్మశ్రీని పెట్టుకున్నారు.

"మళ్ళొకసారి చెప్పు. మొదటి నుంచి."

"ఎన్నిసార్లు చెప్పాలె మేడం?"

"నా అనుమానం తీరేదాంక."

సారలమ్మ గోడకు ఆనుకుంది. "ఆ పొద్దు పేరయ్య సార్ను జనరల్ వార్డుల నుంచి మూలకున్న రూముకు మార్చిన్రు. నేను మందుల టైముకు పోయి సార్ చేతి పట్టీ స్కాన్ చేసిన. స్క్రీన్ మీద సార్ పేరే వచ్చింది. దాని కింద ఇన్సులిన్ ముప్పై అని ఉన్నది. నాకు దడ పుట్టింది. సార్‌కు షుగర్ లేదని నాకు ఎరుకే గద."

"హెచ్చరిక వచ్చిందా? ఎర్రగ?"

"రాలే. పచ్చగనే ఉండె." గొంతు తగ్గించి అంది. "వచ్చిందని కంప్యూటర్ల ఉన్నదంట గద. కంప్యూటర్ అబద్ధం చెప్తదా మేడం? నాకే మతి తప్పిందేమో. కండ్లు మూస్తే ఆ స్క్రీనే కనబడ్తది. ఒకసారి పచ్చగ, ఒకసారి ఎర్రగ. ఏది నిజమో నాకే తెలుస్తలేదు."

"అనుమానం వచ్చినప్పుడు ఆగొచ్చు గద?"

"ఆగిన. వేలికి పొడిచి షుగర్ చూసిన. రెండొందల పైన ఉన్నది. గ్లూకోజ్ ఎక్కుతున్నోళ్ళకు అట్ల ఉంటది, దానికి ముప్పై యూనిట్లు ఎవ్వరు రాయరు. డాక్టర్‌కు ఫోన్ చేసిన. ఆపరేషన్ల ఉన్నడు, ఎత్తలే. కంప్యూటర్ హెల్ప్‌లైన్‌కు చేసిన. స్క్రీన్ల ఉన్నదంటే డాక్టర్ రాసినట్టే, ఇచ్చెయ్యమన్నరు. అప్పటికే లేటయింది. లేటయితే మన పేరు ఎర్రబడ్తది మేడం. పొద్దుగాల మీటింగ్ల ఎర్రబడ్డోళ్ళ పేర్లు చదువుతరు. నా పేరు దినాం చదివెటోళ్ళు. నా బిడ్డ ఈడు పిల్లలు నవ్వెటోళ్ళు."

"ఇచ్చెయ్యమన్నరు అంటున్నవ్. ఫోన్ ఎత్తింది ఎవరు?"

సారలమ్మ కొంగు సర్దుకుంది. "ఎవరో పిల్ల. పేరు తెల్వదు."

పద్మశ్రీ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మూడుసార్లూ అదే జవాబు, మూడుసార్లూ ఆమె చూపు గుమ్మం వైపే పోయింది. పద్మశ్రీ రెట్టించలేదు. ఆసుపత్రి వాళ్ళు కోర్టుకు ఇచ్చిన కంప్యూటర్ ప్రింటు తీసి, ఒక వరుస కింద వేలు పెట్టింది.

"హెచ్చరిక వచ్చినంక కూడా మందు ఇయ్యాలంటే కారణం రాయమని ఒక గడి వస్తదట. ఆ గడిల నువ్వు ఇది రాసినవని ఉన్నది. చదువు."

సారలమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. రోగి పరిస్థితిని స్వయంగా పరిశీలించి, నర్సుగా తన విచక్షణ మేరకు, పూర్తి బాధ్యతతో ఇస్తున్నానని రెండు వరుసల ఇంగ్లిషు. కామాలతో సహా ఉంది.

"నేనెందుకు రాస్త మేడం ఇంత? అసలు ఆ గడిల ఎవ్వరం ఏం రాయం. చుక్క పెడతం."

"చుక్కనా?"

"చుక్కనే. ఏదో ఒకటి కొడితే గాని ముందటికి పోనియ్యది. సెలైన్ పెట్టినా హెచ్చరికనే, పారాసిటమాల్ ఇచ్చినా హెచ్చరికనే. అన్నిటికి కారణాలు రాసుకుంట కూసుంటే మనిషిని చూసుడెప్పుడు? చుక్క కొట్టి పోతం. అందరం గంతే."

"ఎవరు నేర్పిన్రు అట్ల?"

"మాకు మేమే నేర్చుకున్నం." అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఆమె ముఖం కొంచెం విచ్చుకుంది. "మిగిలినదంత శ్రీలలిత నేర్పింది. యూనివర్సిటీ క్యాంపస్ల ట్రైనింగ్ అయినప్పుడు. గా పిల్ల మా మీదనే పరిశోధన చేస్తున్నది, నర్సులు కంప్యూటర్‌కు ఎట్ల అలవాటైతరని. మంచి పిల్ల. నా వేలు పట్టుకొని మౌస్ తిప్పిచ్చింది. ఇంట్ల చేసిన సకినాలు కొంటపోతే ఎంత సంబురపడ్డదో."

సందు చివర నిలిపిన స్కూటర్ తీసేటప్పటికి పద్మశ్రీకి రెండు సంగతులు తేలాయి. ఆ వాక్యం సారలమ్మ రాయలేదు. ఆ ఫోన్ ఎత్తిన పిల్ల పేరు సారలమ్మకు తెలుసు.

* * *

నిర్మల్‌ధార మూడో అంతస్తులో నర్సుల కౌంటర్ దగ్గర రఘువీర్ ముందే కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు అతనూ పద్మశ్రీ ఒకే పోలీస్ స్టేషన్లో పనిచేశారు. ఇప్పుడు అతను పెద్ద పెద్ద కంపెనీలకు దర్యాప్తులు చేసిపెడతాడు. ఈ కేసులో ఆసుపత్రి తరఫున, వాళ్ళకు సిస్టం తయారుచేసి ఇచ్చిన కంపెనీ తరఫున కూడా అతనే.

"సంతకం తెచ్చారా పద్మశ్రీ గారూ?"

"కాగితం నా బ్యాగులో ఉంది. సంతకం లేదు."

"ఎందుకండీ ఆవిడ్ని ఇంకా తిప్పలు పెడతారు? ఆవిడే వేసింది. ఆవిడే ఒప్పుకుంది."

"సూది వేశానని ఒప్పుకుంది. హెచ్చరిక చూశానని ఒప్పుకోలేదు."

నర్సింగ్ సూపరింటెండెంట్ విశాలాక్షి ఇద్దరి మధ్యా చేతులు కట్టుకుని నిలబడింది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఆమె సారలమ్మ వైపు మాట్లాడదు. అలాగని సారలమ్మకు వ్యతిరేకంగా ఇంతవరకూ ఒక్క కాగితం మీద కూడా సంతకం చేయలేదు.

పద్మశ్రీ మూల గదికి నడిచింది. గది ఖాళీగా ఉంది. చక్రాల బల్ల మీది కంప్యూటర్ అలాగే ఉంది.

"విశాలాక్షి గారూ, ఒక హెచ్చరిక రప్పించి చూపిస్తారా?"

విశాలాక్షి పరీక్ష కోసం వాడే పట్టీని స్కాన్ చేసి, దానికి సంబంధం లేని మందు ఒకటి ఎంచుకుంది. స్క్రీన్ మొత్తం ఎర్రబడింది. వెంటనే చెవులు గింగురుమనేలా కీచుమని మోత మొదలైంది. ఆమె మీట నొక్కేదాకా ఆగలేదు.

"ఆ రోజు పేరయ్య గారి భార్య ఇక్కడే, ఈ స్టూలు మీద కూర్చుని ఉంది," అంది పద్మశ్రీ. "ఏ మోతా వినలేదని పోలీసులకు చెప్పింది. మీ రిపోర్టులో ఆ ముక్క లేదు రఘువీర్ గారూ."

"మొగుడు పోయిన మనిషికి మిషన్ మోతలు గుర్తుంటాయా?"

"సారలమ్మ రెండుసార్లు ఫోన్ చేయడం గుర్తుంది. మోత మాత్రం గుర్తులేదంటారు. సరే."

కౌంటర్ దగ్గరికి తిరిగి వచ్చి, గడిచిన నెలలో ఈ అంతస్తు నర్సులు హెచ్చరిక దాటి ఇచ్చిన మందులన్నీ స్క్రీన్ మీదికి తెమ్మంది. విశాలాక్షి ఒక్క క్షణం తటపటాయించి, తెచ్చింది.

కారణం అన్న శీర్షిక కింద చుక్క. దాని కింద చుక్క. మౌస్ తిప్పుతున్న కొద్దీ చుక్కలే. పేజీలకు పేజీలు, ఆ అంతస్తులో పనిచేసే నర్సులందరి పేర్ల ఎదురుగా చుక్కలే. వాటి మధ్యలో ఒకే ఒక్క చోట రెండు వరుసల వాక్యం ఉంది. అది సారలమ్మ పేరు మీద ఉంది.

"చూశారా?"

రఘువీర్ నవ్వాడు. "చూశాను. మీరేం నిరూపించారో మీకు అర్థమైందా? ఈ అంతస్తులో ఏ నర్సూ హెచ్చరికలు చదవదని నిరూపించారు. ఇదే ముక్క కోర్టులో చెప్పండి. సారలమ్మ ఒక్కదానితో పోయేది కాస్తా అందరి మెడకీ చుట్టుకుంటుంది. ఈ విశాలాక్షి గారితో సహా."

విశాలాక్షి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"నేను వాళ్ళకి ఎన్నోసార్లు చెప్పానండీ," అంది ఎవరికి చెబుతోందో తెలియనట్టు. "ఇన్ని హెచ్చరికలు పెట్టొద్దు, అన్నిటికీ అరిస్తే దేనికీ తల తిప్పరు అని. అలవాటవుతుంది లెండి అన్నారు. ఎవరికి అలవాటవ్వాలి? ఎనిమిది గంటల డ్యూటీలో సగం దీని ముందే పోతుంటే పేషెంటు మొహం ఎప్పుడు చూస్తారు?"

"ఆ గోల కోర్టుకి అక్కర్లేదు," అన్నాడు రఘువీర్.

పద్మశ్రీ అతని మాట పట్టించుకోలేదు. బ్యాగులోంచి ప్రింటు తీసి స్క్రీన్ పక్కన పెట్టి చూస్తోంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"మీరు కోర్టుకిచ్చిన ప్రింటులో అయిదు నిలువు వరుసలున్నాయి. స్క్రీన్ మీద ఆరున్నాయి. ఆరోది ఎక్కడికి పోయింది?"

"పేజీలో పట్టలేదేమో. అది ఉత్త మిషన్ నంబరు. ఏ కంప్యూటర్ మీద కొట్టారో చెబుతుంది, అంతే."

"అంతేనా? విశాలాక్షి గారూ, ఆ వరుస చదవండి."

విశాలాక్షి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "చుక్కలన్నీ మూడో అంతస్తు మిషన్లేనండీ. ఒకటి, రెండు, ఒకటి, మూడు..." వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మళ్ళీ చదివింది. "ట్రైనింగ్ నాలుగు."

"అదెక్కడుంది?"

"ఇక్కడ లేదండీ. క్యాంపస్‌లో ఉంది. శశిభూషణ్ గారి ట్రైనింగ్ రూములో."

ప్రొఫెసర్ శశిభూషణ్ ఈ సిస్టం తయారుచేసినవాడు. కంపెనీ ఆయనదే. నర్సులకు శిక్షణ ఇచ్చింది ఆయన మనుషులే.

"నేర్చుకునే కంప్యూటర్లని అసలు సిస్టానికి కలిపారా?"

"కలపకూడదండీ. కలిపారని నాకు ఇప్పుడే తెలిసింది."

పద్మశ్రీ ప్రింటు మడిచింది. "ఆ పొద్దున సారలమ్మ ఈ అంతస్తు దాటలేదు. పేరయ్య గారి భార్య చూసింది, వార్డంతా చూసింది. ఒకే మనిషి ఒకే సమయంలో ఇక్కడ సూది వేస్తూ, అక్కడ క్యాంపస్‌లో ఇంగ్లిషు వాక్యం కొట్టగలదా రఘువీర్ గారూ?"

"నెట్‌వర్క్ పొరపాటై ఉంటుంది," అన్నాడు రఘువీర్. ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు. జేబులోంచి ఫోన్ తీసి, వరండాలోకి నడుస్తూ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పద్మశ్రీ లిఫ్టు కోసం ఆగలేదు.

* * *

ఆమె స్కూటర్ కన్నా అతని ఫోనే ముందు చేరింది.

క్యాంపస్‌లోని ట్రైనింగ్ రూములో నాలుగో బల్ల కింద ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు పీకుతోంది. పద్మశ్రీ తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడింది.

"ఎక్కడికి తీసుకుపోతున్నవ్ దాన్ని?"

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. సన్నగా ఉంది, కళ్ళ కింద నల్లటి వలయాలు. "అంతా తుడిచేసి ఫార్మాట్ చెయ్యాలె. సార్ ఫోన్ చేసిన్రు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరెవరు?"

"సారలమ్మ తరఫున వచ్చిన. నువ్వు శ్రీలలితవు గద?"

ఆ అమ్మాయి చేతిలోని వైరు జారి కింద పడింది. గోడకు ఆమె పరిశోధన తాలూకు చార్టు ఒకటి అంటించి ఉంది. ఒక్కో నర్సు పేరూ, ఎన్నాళ్ళకు ఎంత నేర్చుకుందో చూపించే గీత. సారలమ్మ గీత అన్నిటికన్నా కింద మొదలై, అన్నిటికన్నా నిటారుగా పైకి లేచింది. దాని పక్కన ఎర్ర పెన్నుతో నక్షత్రం గుర్తు పెట్టి ఉంది.

"ఈ మిషన్ మీద సారలమ్మ పేరుతోని ఎంట్రీ కొట్టింది ఎవరు?"

"నాకు తెల్వదు మేడం. ఈడికి చాలామంది వస్తరు."

"ఆ పొద్దు హెల్ప్‌లైన్ ఫోన్ ఎత్తింది ఎవరు?"

"అది కూడా... డ్యూటీలు మారుతుంటయ్."

పద్మశ్రీ బ్యాగు తెరిచి, సంతకం లేని కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇది చదువు."

శ్రీలలిత చదివింది. చదవడం అయిపోయినా తల ఎత్తలేదు.

"ఫోన్ ఎత్తింది ఎవరని సారలమ్మను మూడుసార్లు అడిగిన. ఎవరో పిల్ల, పేరు తెల్వదు అన్నది. దీని మీద సంతకం పెట్టి, ఇరవై ఏండ్ల పైన చేసిన నౌకరీ వదులుకోవడానికి తయారైంది గాని నీ పేరు చెప్పలే. ఎందుకని?"

శ్రీలలిత ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఏడుస్తుందని పద్మశ్రీ అనుకుంది. ఏడవలేదు.

"నేనే ఎత్తిన. 'బిడ్డా, సార్‌కు షుగర్ లేదు, స్క్రీన్ల ఇన్సులిన్ వస్తున్నది, ఎట్ల చేద్దు' అన్నది ఆంటీ. నేను ఇక్కడ తెరిచి చూసిన. ఆర్డర్ ఉన్నది, డాక్టర్ పేరున్నది. 'ఆంటీ, ఇంకా కంప్యూటర్‌ని నమ్మవా' అని నవ్విన మేడం. నవ్వుకుంటనే చెప్పిన ఇచ్చెయ్యమని."

"ఆ ఆర్డర్ ఎవరిది?"

"ఆ రూముల ముందు ఉన్న షుగర్ పేషెంట్‌ది. అతన్ని ఐసీయూకు మార్చిన్రు. మనిషి మారిండు గాని అతని మందు ఆ రూముకే అంటుకొని ఉండిపోయింది. తర్వాత ఆ రూముకు ఎవరొస్తే వాళ్ళ పేరు కింద చూపిస్తది. సాయంత్రం, పేరయ్య సార్ పోయిండని తెలిసినంక వెతికితే ఈ తప్పు దొరికింది. ఉరికిపోయి శశిభూషణ్ సార్‌కు చెప్పిన."

"సార్ ఏమన్నడు?"

"'నర్సును ఇమ్మని చెప్పింది ఎవరు' అని అడిగిన్రు." ఆమె కింద పడ్డ వైరును చేతిలోకి తీసుకుంది. "అంతే మేడం. ఇంకేం అడగలే. తర్వాత తలుపేసి, ఆంటీ పెట్టిన అసలు ఎంట్రీ తీసేయించిన్రు. పేరయ్య సార్ పేరు మీదున్న ఆర్డర్ తీసేయించిన్రు. మిషన్ల టైము వెనక్కి తిప్పి, హెచ్చరిక వచ్చినట్టు, ఆంటీ దాన్ని దాటినట్టు కొత్త ఎంట్రీ పెట్టించిన్రు. వాక్యం సార్ చెప్పిన్రు, నేను కొట్టిన. ఆంటీ పాస్‌వర్డ్ నాకు తెలుసు. నేనే పెట్టిచ్చిన, మర్చిపోకుండ ఉండాలని వాళ్ళ బిడ్డ పేరు."

పద్మశ్రీ బల్ల మీది కాగితం వైపు చూసింది. హెచ్చరించింది సారలమ్మ. దాటిపొమ్మన్నది వీళ్ళు. రికార్డులో మాత్రం హెచ్చరించింది కంప్యూటర్, దాటిపోయింది సారలమ్మ. తిరగేసి రాసి, ఆమె చేతే సంతకం పెట్టించబోయారు. ఇంకొక్క పూట ఆగితే ఆమె కూడా అదే నిజమని నమ్మి ఉండేది.

"మీ సార్‌కు సిగ్గు లేకపోయె. నీకేమైంది?"

"అయిదేండ్ల నుంచి ఆయన కిందనే పరిశోధన చేస్తున్న మేడం. మా నాన్న జగిత్యాల దగ్గర ఇంత పసుపు పంట వేసుకొని..." మధ్యలోనే ఆపేసింది. "కాదు. భయపడ్డ. అంతే."

ఆ జవాబు ఒక్కటే పద్మశ్రీకి నచ్చింది. బయట వరండాలో అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని రఘువీర్ వచ్చాడు. చేతిలో కంపెనీ లెటర్ హెడ్ మీద టైపు చేసిన కాగితం.

"ఆ మిషన్ కంపెనీ ఆస్తి. తీసుకెళ్ళమని రాసిచ్చారు. పక్కకి తప్పుకోండి."

"తలుపు బయట ఎంతసేపటి నుంచి ఉన్నారు?"

రఘువీర్ కాగితాన్ని మాత్రమే ముందుకు చాపాడు. అంటే చాలాసేపటి నుంచే ఉన్నాడు. పద్మశ్రీ అతన్ని వదిలేసి శ్రీలలిత వైపు తిరిగింది. ఇంకొక్క ప్రశ్న మిగిలి ఉంది. ఇంతసేపూ అడగడం ఎలా మర్చిపోయిందో ఆమెకే అర్థం కాలేదు.

"ఆ తప్పును దిద్దిన్రా?"

శ్రీలలిత నేల చూపులు చూసింది.

"నిన్నే అడుగుతున్న. రూము మారితే పాత మందు చూపించే తప్పు. దిద్దిన్రా లేదా?"

"లేదు మేడం. దిద్దితే ఎప్పుడు దిద్దిన్రో సిస్టంల రికార్డు ఉంటది. అంటే తప్పు ఉండెనని ఒప్పుకున్నట్టే. కేసు అయిపోయినంక చూద్దామన్నరు సార్."

పద్మశ్రీ అప్పటికే ఫోన్‌లో విశాలాక్షి నంబరు నొక్కేసింది.

"విశాలాక్షి గారూ, ఇవాళ మీ అంతస్తులో ఎవరినైనా రూము మార్చారా?"

"ఇద్దర్ని మార్చామండీ. ఏం?"

"వాళ్ళకిప్పుడు ఇన్సులిన్ ఏమైనా..."

"భోజనాల ముందు ఇస్తారు కదండీ, సుధామయి ఇప్పుడే ట్రాలీ తీసుకుని..." మాట తెగిపోయింది. పరిగెత్తుతున్న చెప్పుల చప్పుడు. తర్వాత ఆమె కేక. "సుధామయీ! ఆగు! ఆగమంటుంటే!"

దూరంగా ఇంకో గొంతు, విసుగ్గా. "ఆల్రెడీ లేటయింది మేడం, నా పేరు ఎర్రబడింది."

"పడనీ! ఆ సిరంజి కింద పెట్టు. బాబుగారూ, మీకు షుగరు జబ్బుందా?"

ముసలాయన ఏదో అన్నాడు. వినబడలేదు. విశాలాక్షి ఊపిరి మాత్రం ఫోన్‌లో బరువుగా వినబడింది.

"లేదంటున్నాడు పద్మశ్రీ గారూ. చొక్కా చెయ్యి పైకి మడిచేశాడు, దూది కూడా రాసేసింది." ట్రాలీ పక్కకు నెట్టిన చప్పుడు. "ఇవ్వకపోతే కారణం రాయమంటోంది ఈ కంప్యూటర్. ఏం రాయమంటారు?"

"జరిగింది రాయండి. తర్వాత అన్ని కంప్యూటర్లూ ఆపేయించి, ఒక్కో పేషెంటునీ అడిగి మందివ్వండి. ఎవరు అడ్డొచ్చినా సరే."

ఫోన్ దించింది. రఘువీర్ చేతిలోని కాగితం కిందికి వాలింది.

"నాకు చెప్పలేదు," అన్నాడు. "ఆ తప్పు ఇంకా ఉందని నాకు చెప్పలేదు వాళ్ళు."

"చెబితే ఆరో వరుస కోసేవారు కాదా?"

అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మేడం," అంది శ్రీలలిత నేల మీద నుంచే. "సార్ ఇవాళ ఊర్ల లేరు. వరంగల్ పోయిన్రు. గాడ ఒక ఆసుపత్రిల ఇదే సిస్టం పొద్దుగాల ఆన్ చేసిన్రు."

"ఇదే తప్పుతోనా?"

"ఇదే."

పద్మశ్రీ రఘువీర్ వైపు చూసింది. "మీ క్లయింటే కదా. ఫోన్ చేసి ఆపమనండి."

రఘువీర్ ఫోన్ తీశాడు. నంబరు కూడా తెచ్చాడు. బొటనవేలు దాని మీదే ఆగిపోయింది. "నేను చేస్తే... కంపెనీ తరఫున ఒప్పుకున్నట్టవుతుంది. ఒకసారి లాయర్‌ని అడిగి..."

అతని మాట పూర్తి కాకముందే శ్రీలలిత లేచింది. మూలన ఉన్న హెల్ప్‌లైన్ ఫోన్ దగ్గరికి వెళ్ళి వరంగల్ ఆసుపత్రి నంబరు కొట్టింది. స్పీకర్ ఆన్ చేసింది. అవతల రెండో రింగుకే ఎత్తారు.

"నేను హెల్ప్‌లైన్ నుంచి మాట్లాడుతున్న. నా పేరు శ్రీలలిత. సిస్టం తప్పు చూపిస్తున్నది. ఇన్సులిన్ ఎవ్వరికీ ఇయ్యకండి, ఆపేయండి."

"ఇచ్చినం గద మేడం," అంది అవతల ఒక నర్సు, హుషారుగా. "ఇయ్యాల ఒక్క పేరు గూడ ఎర్రబడలే. మీ సార్ చూసి మెచ్చుకున్నరు."

పద్మశ్రీ ఫోన్ మీదికి వంగింది. "ఎంతసేపైంది? ఇయ్యాల రూములు మార్చినోళ్ళు ఎవరెవరు? వాళ్ళకు వెంటనే షుగర్ చూడండి, గ్లూకోజ్ పెట్టండి!"

"రూములా?" అవతలి గొంతు తికమకపడింది. "కొత్త సిస్టంల అందరి మందులు ఎక్కించినంక, పొద్దుగాల వార్డు మొత్తం రూములు మార్చినం మేడం. అందరిని. మీరు ఎవరి గురించి చెప్తున్నరు?"